తాగేదా, తినేదా?

ధమ్మసిరికి వచ్చిన కష్టం పగవాడికి కూడా రాకూడదు. గిన్నెలో జావ ఉంది. అది తాగేదో తినేదో తేల్చి చెప్పాలి. అంతే. మూడు రోజులుగా తేలడం లేదు.

వింటే నవ్వొచ్చే కష్టమే. కానీ ఆ ఒక్క మాట మీదే ఒక ముసలాయన ప్రాణం ఆగి ఉంది. అందుకని నవ్వేవాళ్లు కాస్త ఆగి నవ్వాలి.

అసలు సంగతి ఇది. కృష్ణ ఒడ్డున, నెమలికొండ మీద, రాతిలో తొలిచిన బౌద్ధ విహారం ఒకటి ఉండేది. ఇరవైమంది భిక్షువులు. వానాకాలం మూడు నెలలూ ఊళ్లు తిరగకుండా అక్కడే ఉండి ధ్యానం చేసుకునేవాళ్లు. ఆ విహారానికి ఒక కట్టుబాటు ఉంది. నడినెత్తి మీది పొద్దు వాలిందంటే, మర్నాడు తెల్లవారేదాకా గట్టి పదార్థమేదీ తినకూడదు. ద్రవం తాగొచ్చు.

ఏది తినేదో ఏది తాగేదో చెప్పడానికి ఏటా ఒక నియమపాలకుణ్ణి పెట్టుకుంటారు. అతని మాటే మాట. పెద్ద గురువైనా సరే తల ఊపాల్సిందే.

ఆ ఏడు ఆ పని ధమ్మసిరికి దక్కింది. ఇరవై నాలుగేళ్లవాడు. సూత్రాలన్నీ నోటికి వచ్చు. నిద్రలో లేపి అడిగినా తప్పు లేకుండా చెప్పేవాడు. ఎవరూ అడక్కపోయినా చెప్పేవాడు, అదే కొంచెం ఇబ్బంది.

పని చేతికొచ్చిన రోజే అతను గురువుగారు నందిసేన స్థవిరుల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"భంతే, అంతా తేల్చేశాను." పెద్దవాళ్లను భంతే అని పిలవడం అక్కడి మర్యాద.

"ఏం తేల్చావు?"

"తన ఆకారం తాను నిలుపుకునేది గట్టిది. బెల్లం గడ్డను బుట్టలో పెట్టినా కుండలో పెట్టినా బెల్లం గడ్డలాగే ఉంటుంది. పాత్రను బట్టి ఆకారం మార్చుకునేది ద్రవం. కానీ దాని కొలత మారదు. గిద్దెడు నీళ్లు ఎందులో పోసినా గిద్దెడే. ఇక ఆకారమూ నిలవదు, కొలతా నిలవదు, ఇచ్చినంత చోటూ నింపేస్తుంది చూడండి, అది వాయువు. గట్టిది తినేది. ద్రవం తాగేది. వాయువు పీల్చేది. ఇందులో తికమక ఏముంది భంతే?"

"ఏమీ లేదు," అన్నారు నందిసేనులు. "ఇవాళ మొదటి రోజేగా."

అది మెచ్చుకోలే అనుకున్నాడు ధమ్మసిరి.

విహారానికి వంట కొండ కింద జరిగేది. పైన పొయ్యి పెడితే గుహల్లో చెక్కిన బొమ్మలు పొగచూరిపోతాయని పైన నిప్పు నిషేధం. కింద తాటాకుల పాక వేసి, రేవు పల్లె నుంచి కొమ్మక్క అనే ఉపాసిక వచ్చి వండేది. చేతిలో గరిటె, నోట్లో మాట, రెండూ ఆగేవి కావు. కొత్త నియమపాలకుడి గీతలు ఎంత గట్టివో చూద్దామని ఆమెకు బుద్ధి పుట్టింది.

"సామీ, కొర్రలు గట్టివా, ద్రవమా?"

"అదేం ప్రశ్న? గట్టివే."

కొమ్మక్క చేటెత్తి కొర్రల్ని జలజలమని కుండలోకి వంచింది. అవి కుండంతా సర్దుకున్నాయి. కుండ ఎత్తి మూకుట్లోకి పోసింది. మూకుడంతా పరుచుకున్నాయి. సోలతో కొలిచి చూపించింది.

"పాత్రను బట్టి ఆకారం మారింది. కొలత మారలేదు. మీ లెక్కన కొర్రలు నీళ్లకి చుట్టాలు కదా. సాయంత్రం తలా ఒక చెంబెడు తాగమని చెప్పనా?"

ధమ్మసిరి మొహం ఎర్రబడింది. కాసేపు గింజల్ని అటూ ఇటూ దొర్లించి చూశాడు. "ఒక్కొక్క గింజనే పట్టి చూడు. తన ఆకారం వదల్లేదు. పైగా వీటిని కింద పోస్తే కుప్ప పడతాయి. నీళ్లు కుప్ప పడతాయా? మట్టంగా పరుచుకుంటాయి," అని గట్టెక్కాడు.

"పడవు లెండి. మరి నెయ్యో?"

"నెయ్యి..." అన్నాడు ధమ్మసిరి, ఆగాడు.

"పొద్దున్న చూస్తే గడ్డ. గరిటె దిగదు. ఎండెక్కితే జారిపోతుంది. నిన్న మబ్బు పట్టింది, మధ్యాహ్నమైనా గడ్డే. సామీ, ఏమీ అనుకోకండి, నెయ్యి నియమం మీ చేతుల్లో లేదు. మబ్బు చేతుల్లో ఉంది."

ధమ్మసిరి జవాబు వెతుక్కుంటూ మెట్లెక్కాడు. పైన భద్దజి కాచుకుని ఉన్నాడు. భద్దజి మంచి భిక్షువే. కాకపోతే ఎక్కడికి వెళ్లినా ఆయనకంటే ఆయన పొట్ట ఒక అడుగు ముందు వెళ్లేది.

"ధమ్మసిరీ, ఒక తప్పు జరిగిందేమో చెప్పు. పొద్దు వాలాక ధ్యానంలో కూర్చున్నాను. పల్లెలో ఎవరింట్లోనో గారెలు వేస్తున్నట్టున్నారు. వాసన వచ్చింది. నేను నోరు మూసుకునే ఉన్నాను, ఒట్టు. అదే ముక్కులోంచి దూరింది."

"వాసన వాయువు. పీల్చేది. తప్పు లేదు."

"హమ్మయ్య. అయితే రేపు ఆ వైపే కూర్చుంటాను." రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "ఒక్క అనుమానం. గారెలోంచి ఏమీ రాకపోతే, అది గారె వాసనని నా ముక్కుకెలా తెలిసింది? ఎంతో కొంత గారె వచ్చే ఉండాలి కదా? అంటే ఎంతో కొంత తిన్నట్టేనా?"

ధమ్మసిరి తలపట్టుకున్నాడు. తను గీసుకున్న మూడు గళ్లలో మూడో దానికి అప్పుడే గోడ కూలింది.

ఇంతవరకూ వేళాకోళమే. తర్వాత పున్నకుడికి జ్వరం వచ్చింది.

పున్నకుడు డెబ్బై దాటిన భిక్షువు. కాషాయం కట్టకముందు ఇరవై ఏళ్లు కృష్ణ మీద పడవ నడిపినవాడు. పళ్లు రెండే మిగిలాయి, ఆ రెండూ నవ్వినప్పుడు కనిపించేవి, అందుకని ఎప్పుడూ కనిపించేవి. ధమ్మసిరి పన్నెండేళ్ల వయసులో విహారానికి వచ్చి అమ్మ కావాలని ఏడిస్తే, పక్కలో పడుకోబెట్టుకున్నది ఆయనే.

ఆ జ్వరం పాడుజ్వరం. తెల్లవారుతూనే చలితో పట్టుకుని ఒళ్లంతా కుదిపేసేది. పొద్దు వాలేదాకా వదిలేది కాదు. ఆ వేళలో మంచినీళ్లు పోసినా కక్కేసేవాడు. పొద్దు వాలాకే కుదుటపడి, ఆకలి అనేవాడు. అంటే ఆయన నోటికి ఏం అందినా నియమం మొదలయ్యాకే అందాలి.

వైద్యుడు వచ్చి నాడి చూశాడు. "పండ్ల రసాలు పడవు. పల్చటి నీళ్లు ఒంట్లో నిలవవు. రాగి జావ ఇవ్వండి. వేడిగా, చిక్కగా. ఈ నాలుగు రోజుల్లో లోపలికి పోతేనే మనిషి దక్కుతాడు," అని చెప్పి వెళ్లాడు.

రోగికి మినహాయింపు ఉందని నందిసేనులు మంచం పక్కన కూర్చుని చెప్పి చూశారు.

పున్నకుడు తల అడ్డంగా ఊపాడు. "నలభై ఏళ్లుగా పొద్దు వాలాక మెతుకు ముట్టలేదు భంతే. ఇప్పుడు ముట్టి, ఆ పైన చచ్చాననుకోండి. ప్రాణమూ పోయె, నలభై ఏళ్లూ పోయె. అంత నష్టం నేను భరించలేను." అని ధమ్మసిరి వైపు చూశాడు. "నియమపాలకుడు వీడు. జావ తాగేదని వీడంటే తాగుతాను. తినేదంటే ముట్టను. వీడు నాతో అబద్ధం ఆడడు."

ఆ మధ్యాహ్నమే ఏటి అవతల విహారంలో పెద్ద స్థవిరులు అవసాన దశలో ఉన్నారని కబురొచ్చింది. నందిసేనులు వెళ్లక తప్పలేదు. పడవెక్కుతూ ధమ్మసిరితో ఒకటే అన్నారు. "పున్నకుణ్ణి చూసుకో."

మర్నాడు పొద్దు వాలగానే ధమ్మసిరి వంటపాకలో ఉన్నాడు. పొయ్యి మీద జావ కుతకుతలాడుతోంది. గరిటెతో ఎత్తి వంచాడు. ధారగా జారింది.

"ఇది ద్రవం," అని ప్రకటించాడు. ఇంత సులభమా!

కొమ్మక్క గిన్నెలో పోసి పైన మూత పెట్టబోయింది. ధమ్మసిరి చెయ్యి అడ్డం పెట్టాడు.

"మూత వద్దు."

"అదేమిటి సామీ? ఎనభై నాలుగు మెట్లు. పైగా ఏటిగాలి."

"అందుకే వద్దంటున్నాను. జావ చల్లారితే గట్టిపడుతుంది. దారిలో ఏ మెట్టు దగ్గర గట్టిపడిందో నాకు తెలియొద్దా? మూత పెడితే ఎలా కనిపిస్తుంది?"

"మూత పెడితే అంత తొందరగా గట్టిపడదు కదా సామీ."

"గట్టిపడలేదని చూడకుండా ఎలా చెప్పను? పున్నక భంతేకి నేను మాటివ్వాలి."

కొమ్మక్క గరిటెను చూసింది, అతన్ని చూసింది. "మీ చదువు నాకు రాదు లెండి," అని పొయ్యిలో పుల్లలు ఎగదోసింది.

ధమ్మసిరి బయల్దేరాడు. పది మెట్లు ఎక్కడం, ఆగడం, గిన్నె వంచి చూడటం. మళ్లీ పది మెట్లు. జావ మీద ఆవిరి తెల్లగా లేచి, కృష్ణ మీంచి వచ్చే గాలికి పక్కకు వంగి, అలా వెళ్లిపోతూనే ఉంది. నలభయ్యో మెట్టు దగ్గర పైన సన్నటి పొర కట్టింది. పొర గట్టిది. పొర కింద ద్రవం. మరి గిన్నెలో ఉన్నదాన్ని ఏమనాలి? రావి ఆకుతో పొర తీసేశాడు. ఇరవై మెట్లు ఎక్కేసరికి ఇంకో పొర. అదీ తీశాడు. ఎంత శ్రద్ధగా చూశాడంటే, గుమ్మం దగ్గరికి వచ్చి గిన్నె వంచితే జావ కదల్లేదు. ఇంకాస్త వంచాడు. ముద్దంతా ఒక్కసారే, బద్ధకస్తుడు పక్కమీద దొర్లినట్టు, ఒక పక్కకు జరిగింది.

"వచ్చావా నాయనా? వాసనొస్తోంది," అన్నాడు పున్నకుడు లోపల్నుంచి. "తాగేదా, తినేదా?"

ధమ్మసిరి గుమ్మంలోనే నిలబడిపోయాడు. అబద్ధం గొంతుదాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది.

"తినేది అయిపోయింది భంతే."

ముసలాయన గుటక వేశాడు. ఆ గుటక గుమ్మందాకా వినిపించింది.

"సర్లే. వాసన బాగుంది. పీల్చుకోవచ్చుగా? తప్పు కాదుగా?"

"కాదు భంతే."

"అయితే ఇంకాసేపు అక్కడే నిలబడు."

రెండో రోజు ధమ్మసిరి పరుగెత్తాడు. ఆగి చూసే పని పెట్టుకోలేదు, పరుగెడుతూనే చూశాడు. చూపు గిన్నెలో, కాళ్లు మెట్ల మీద, ఇక ఏమవుతుంది? యాభయ్యో మెట్టు దగ్గర తూలి సగం జావ ఒలకబోశాడు. మిగిలిన సగం గిన్నె అడుగున పల్చగా పరుచుకుని నిన్నటికంటే ముందే బిగుసుకుంది.

ఇది అతనికి అసలు అర్థం కాలేదు. నిన్నటికంటే తొందరగా వచ్చాడు. నిన్నటికంటే తొందరగా గట్టిపడింది. జావకి తన మీద పగా?

ఈసారి అంచున గట్టిగా ఉంది, నడుమ ఇంకా కదులుతోంది. అంచు తినేది, నడుమ తాగేది. ధమ్మసిరి గుమ్మంలో చతికిలబడి, చెంచాతో నడిమి భాగాన్ని వేరు చేయబోయాడు. నుదుటి మీద చెమట. చెంచా ఎంత నెమ్మదిగా తిప్పితే నడుమ అంత నెమ్మదిగా బిగిసింది. తిప్పి తిప్పి, చివరికి చెంచా నిలువుగా నిలబడింది.

పున్నకుడు మంచం మీంచి అంతా చూస్తున్నాడు. గొంతు సన్నబడింది గానీ వెటకారం ఎక్కడికీ పోలేదు.

"ధమ్మసిరీ, ఇరవై ఏళ్లు పడవ నడిపానా. ఎక్కినవాడల్లా 'గట్టు ఎక్కడ అయిపోయింది, ఏరు ఎక్కడ మొదలైంది, ముందు అది చెప్పు' అని కూర్చుంటే ఒక్కణ్ణి కూడా ఒడ్డు చేర్చేవాణ్ణి కాదు." కాస్త ఊపిరి తీసుకున్నాడు. "తేలిందా మరి?"

"లేదు భంతే."

"తేలనిది నాకెందుకులే. రేపు చూద్దాం." అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. దుప్పటి మీద పెట్టిన చెయ్యి ఎండుపుల్లలా ఉంది. నిన్న అంతగా లేదు.

మూడో రోజు చలిజ్వరం పున్నకుణ్ణి అంతగా కుదపలేదు. మేలైందని భద్దజి సంతోషించాడు. కుదపడానికి ఒంట్లో ఏమీ మిగల్లేదని ధమ్మసిరికి తెలుసు.

పొద్దు ఇంకా వాలకముందే అతను వంటపాకలో పొయ్యి ముందు గొంతుక్కూర్చున్నాడు. గరిటెతో జావ ఎత్తడం, వంచడం. ఎత్తడం, వంచడం. పొద్దున్న తను తినాల్సిన తిండి తినలేదన్న సంగతి కూడా గుర్తులేదు. కొమ్మక్కకి మొదటిసారి వేళాకోళం రాలేదు. మాట్లాడకుండా పుల్లలు సర్దుతోంది.

పొద్దు వాలింది. అప్పుడే రేవులో పడవ ఆగింది. నందిసేనులు తడికాళ్లతో నేరుగా పాకలోకి వచ్చారు.

"పున్నకుడు ఏమైనా తీసుకున్నాడా?"

"లేదు భంతే."

"ఎన్నాళ్ల నుంచి?"

"రెండు రోజులు."

నందిసేనులు తిట్టలేదు. తిడితే బాగుండేది. పొయ్యి పక్కన పీట లాక్కుని కూర్చున్నారు. అంతే, ధమ్మసిరి కట్ట తెగినట్టు మొదలుపెట్టాడు.

"ఏమీ తెలియడం లేదు భంతే. మూడూ మూడు వేరు వేరు అనుకున్నాను. కొర్రలు గట్టివి, నీళ్లలా పారతాయి. నెయ్యి మబ్బును బట్టి మారుతుంది. గారె ఊళ్లో ఉంటే భద్దజి ముక్కులో ఉంటుంది. ఒకే గిన్నెలో జావ అంచున ఒకటి, నడుమ ఒకటి, పైన ఆవిరి ఇంకొకటి. వేరు అందామంటే అంతా ఒకే జావ. ఒకటే అందామంటే ఒకటి ఆయన గొంతు దిగుతుంది, ఒకటి దిగకూడదు. మధ్యలో గీత ఉండాలి కదా, అది దొరకడం లేదు. రెండు రోజులుగా కన్ను ఆర్పకుండా చూస్తున్నాను. పొద్దున్న రాయిని చూసినా అనుమానం వచ్చింది భంతే."

"రాయి ఏం చేసింది?"

"ఏమీ చెయ్యలేదు. అందుకే అనుమానం."

కొమ్మక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నందిసేనులు ఆమె వైపు తిరిగారు. "ఒక గిన్నెడు పోయమ్మా."

ఆమె పోసింది. నందిసేనులు గిన్నె అందుకుని ధమ్మసిరి ముందు పెట్టారు. "ఇది ఏమిటి?"

"ద్రవం భంతే."

మూత తీసుకుని గిన్నె మీద పెట్టారు. "ఇప్పుడు?"

ధమ్మసిరి చెయ్యి దానంతట అదే మూత మీదికి వెళ్లింది. దాని మీద నందిసేనుల చెయ్యి పడింది.

"తీస్తే తెలుస్తుంది భంతే."

"తీస్తే మారుతుంది."

"మూత పెట్టుకోమని నేను మొన్ననే చెప్పాను," అంది కొమ్మక్క, పొయ్యితో చెబుతున్నట్టు.

"చెప్పిందా?" అన్నారు నందిసేనులు.

"చెప్పింది భంతే," అన్నాడు ధమ్మసిరి తలొంచుకుని.

"పట్టుకో. నడు."

ధమ్మసిరి గిన్నెను పైబట్ట చెంగుతో పట్టుకుని మెట్లెక్కాడు. వెనక గురువుగారు. పదో మెట్టు దగ్గర అలవాటు ప్రకారం కాళ్లు ఆగాయి.

"కాలు నొప్పా?"

"లేదు భంతే."

"అయితే నడు."

నలభయ్యో మెట్టు. ఇక్కడే పొర కడుతుంది. కట్టిందో లేదో! వేళ్లు మూత అంచుని తడిమాయి. వెనక అడుగుల చప్పుడు ఆగలేదు. ధమ్మసిరి కూడా ఆగలేదు. గాలి కాషాయాన్ని ఎగరేస్తోంది, గిన్నెను మాత్రం ఏమీ చేయలేకపోతోంది. చూడటానికి ఏమీ లేకపోయేసరికి అతనికి మొదటిసారి వేరే సంగతులు తెలియడం మొదలైంది. చెంగు మడతల్లోంచి అరచేతుల్లోకి వేడి దిగుతోంది. యాభయ్యో మెట్టు దగ్గర ఇంకా దిగుతోంది. డెబ్బయ్యో మెట్టు దగ్గర కూడా.

గుహలో పున్నకుడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పెదాలు పగిలి ఉన్నాయి. కళ్లు మూసి ఉన్నాయి.

"భంతే."

పలుకు లేదు.

"భంతే!"

రెప్పలు కదల్లేదు. ధమ్మసిరి మోకాళ్ల మీద కూలబడ్డాడు. "పున్నక భంతే, నేను ధమ్మసిరిని."

చాలాసేపటికి ఒక కన్ను తెరుచుకుంది. తర్వాత రెండోది. చూపు గిన్నె మీద ఆగింది.

"తాగేదా," గొంతు గాలిలా వచ్చింది, "తినేదా?"

ధమ్మసిరి గురువుగారి వైపు చూశాడు. నందిసేనులు గుమ్మంలో నిలబడి ఏటి వైపు చూస్తున్నారు. ఏరు ఎప్పటిలాగే ఉంది, అయినా దాన్నే చూస్తున్నారు.

చూడకుండా ధమ్మసిరి తన బతుకులో ఒక్క మాట కూడా తేల్చి చెప్పలేదు. చేతుల్లో గిన్నె వెచ్చగా ఊపిరి పీల్చుకుంటున్నట్టుంది.

"తాగేదే భంతే."

"చూసి చెబుతున్నావా?"

"లేదు భంతే. పట్టుకుని చెబుతున్నాను."

ముసలాయన అతని మొహంలోకి కాసేపు చూశాడు. ఆ రెండు పళ్లూ కనిపించాయి. నోరు తెరిచాడు.

ధమ్మసిరి మూత ఎత్తాడు. లోపల ఇంతసేపూ అణిగి ఉన్న ఆవిరి భగ్గున లేచి వేళ్లకి తగిలింది. "అబ్బా!" అని మూత వదిలేశాడు. నందిసేనులు గుమ్మంలోంచి వచ్చి, వంగి దాన్ని అందుకుని, వెల్లకిలా పట్టుకుని నిలబడ్డారు. గిన్నెలో జావ తొణికింది. పొర లేదు. గడ్డ లేదు. చిక్కగా, నిండుగా, కదులుతూ ఉంది.

మొదటి చెంచా సగం గడ్డం మీద పడింది. రెండోది లోపలికి పోయింది. మూడోదానికి పున్నకుడు తనే మెడ ఎత్తాడు. ధమ్మసిరి చెంచా వెంట చెంచా పోశాడు. అడుగున రెండు చెంచాల జావ మిగిలి ఉండగా ముసలాయన నాలుకతో తడిమి చూసి, నోరు మూసుకున్నాడు.

"ఇది ఆగిపోయింది నాయనా. ఇక ఇది తినేదే. తీసెయ్."

"అవును భంతే." నలభై ఏళ్ల నియమం రెండు చెంచాల కోసం వంగలేదు.

"లోపల వెచ్చగా ఉంది," అన్నాడు పున్నకుడు, ఎవరితోనో రహస్యం చెప్పినట్టు. అలాగే కళ్లు మూసుకున్నాడు. ధమ్మసిరి ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూడబోయాడు. ఇంతలో సన్నటి గురక మొదలైంది.

ఇద్దరూ బయటికి వచ్చారు. ఎండ రాళ్ల మీద పచ్చగా పరుచుకుంది.

"భంతే," అన్నాడు ధమ్మసిరి. "ఆయన తాగారు. అది చాలు నాకు. కానీ నాకు ఇంకా తెలియలేదు. గట్టిది, ద్రవం, ఆవిరి. వాటి మధ్య గీత ఎక్కడుంది?"

నందిసేనుల చేతిలో మూత ఇంకా ఉంది. దాని లోపలి వైపంతా నీటిచుక్కలు, ఆవగింజలంత కొన్ని, ముత్యాలంత కొన్ని. ఆయన ధమ్మసిరి చెయ్యి లాగి, కాలిన వేళ్లను విప్పదీసి, మూతను ఒక పక్కకు వంచారు. చుక్కలు ఒకదాన్నొకటి కలుపుకుంటూ జారి, అతని అరచేతిలో ఒక్క బొట్టుగా నిలిచాయి.

"చల్లగా ఉందా?"

"ఉంది భంతే."

"ఇందాక నీ వేళ్లు కాల్చింది ఇదే."

మూతను అతని రెండో చేతిలో పెట్టి, నందిసేనులు మెట్లు దిగి వెళ్లిపోయారు.

ధమ్మసిరి అరచెయ్యి చాపుకుని అక్కడే నిలబడ్డాడు. ఏటిగాలికి బొట్టు అంచుల్లోంచి లోపలికి తగ్గుతూ వచ్చింది. చిన్నదైంది. ఇంకా చిన్నదైంది. తర్వాత లేదు.

అది ఏ క్షణాన లేకుండా పోయిందో అతను చూడలేదు. లోపల్నుంచి వస్తున్న గురక వింటున్నాడు.